మూడు బాండ్ల రేడియో, వెయ్యి వాట్ల స్పీకరు

ఆడియో పిచ్చి ముదిరిన మిత్రుల్ని కదిపి చూడండి. ఎంట్రీ లెవెల్, మిడ్-ఫై, హై-ఫై, హై-ఎండ్ అంటూ సినిమా హాల్లో నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీలాగా తరగతులు చెప్తారు. ఇదేదో ఈమధ్య అమెరికా నుంచి దిగిన జబ్బనుకుంటాం గానీ, మన కృష్ణా జిల్లాలో రేడియో కాలం నుంచే ఉంది.

విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అప్పట్లో సెట్టు హోదా అంతా బాండ్లలోనే. ఒక బాండంటే మీడియం వేవ్ మాత్రమే. షార్ట్ వేవ్ బాండ్లు కలిసేకొద్దీ సిలోనూ, బీబీసీ కూడా పట్టుకోవచ్చు, దాంతోపాటు ఇంటాయన పరపతీ పెరిగేది. అయితే బాండ్లు చెప్పేది ఎన్ని స్టేషన్లు అందుతాయన్నదే, ఎలా వినిపిస్తాయన్నది కాదు. 837 కిలోహెర్ట్జ్ మీద వచ్చే విజయవాడ భక్తిరంజని, బాండ్లు ఎక్కువున్నంత మాత్రాన ఇంకాస్త శ్రావ్యమైపోదు. పెద్ద సెట్లు బాగా పలికేవి, నిజమే. ఆ మహిమ బాండ్లది కాదు, చెక్కపెట్టెదీ, పెద్ద స్పీకరుదీ.

తర్వాత ట్రాన్సిస్టర్ల లెక్కొచ్చింది. 1960ల్లో ఆరు, ఎనిమిది, పది అని డబ్బా మీద వేసుకోవడం ప్రపంచమంతా ఫ్యాషను. లెక్క పెంచడానికి కొన్ని విదేశీ కంపెనీలు సర్క్యూట్లో ఏ పనీ చెయ్యని ట్రాన్సిస్టర్లు కూడా అతికించాయి. కోడు ఎన్ని లైన్లుందో చూసి ప్రోగ్రామర్ని మెచ్చుకోవడం లాంటిదే ఇదీను!

నిజాయితీగల కొలత ఒకటుంది, మైకుసెట్టుది. శ్రీరామనవమి పందిరికైనా, పెళ్ళికైనా, ఎంతదూరం వినపడుతుందన్నదే ప్రశ్న. హారన్ స్పీకరు బాస్ పలకదు. కానీ చేలో ఉన్నవాడికి కూడా మాట స్పష్టంగా చేరుతుంది. పనికి తగ్గ కొలతంటే అదీ.

ఇక కంప్యూటర్ స్పీకర్లతో పీఎంపీవో వచ్చింది. డబ్బా మీద వెయ్యి వాట్లు. వెనకున్న అడాప్టరు చూస్తే 12 వోల్టులు, 1 ఆంపియరు, అంటే 12 వాట్లు. 12 పోస్తే వెయ్యి ఎలా వస్తాయండీ? అమెరికాలో ఇలాంటి గొప్పలు ఎక్కువై, 1974లోనే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇంటి ఆంప్లిఫయర్ల ప్రకటనల్లో నిలకడగా ఇచ్చే పవరు చెప్పి తీరాలని నిబంధన పెట్టింది.

ఇక్కడే నాకు తమాషాగా అనిపించే సంగతొకటి. అదే రేడియో కేంద్రంలో పాడేవాళ్ళకి కూడా గ్రేడులున్నాయి: బి, బి-హై, ఏ, టాప్. 1952లో మంత్రి అయిన బి.వి. కేస్కర్ హయాంలో ఆడిషన్ పద్ధతి కట్టుదిట్టమైంది. పాడిందెవరో తెలియకుండా రికార్డింగు విని గ్రేడు వెయ్యాలని దాని సూత్రం. మమ్మల్ని పరీక్షించడమేమిటని చాలామంది పెద్ద విద్వాంసులు అలిగారు కూడా. పారితోషికం ఆ గ్రేడుని బట్టే మరి. అంటే విద్వాంసుడు పేరు దాచుకుని గ్రేడు తెచ్చుకోవాలి. ఆయన పాట వినిపించే డబ్బా మాత్రం పేరు చూపించి తెచ్చుకుంటుంది!

డబ్బాలకీ అదే పరీక్ష పెడితే? 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు అమెరికాలో పెట్టారు. ఖరీదైన హై-రిజల్యూషన్ డిస్కుల ధ్వనిని నేరుగా కొన్నిసార్లు, మామూలు సీడీ స్థాయికి దించి కొన్నిసార్లు, ఏది ఏదో చెప్పకుండా వినిపించారు. 554 సార్లలో సరిగ్గా గుర్తుపట్టినవి 276. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది.

అలాగని తేడాలే లేవనను. స్పీకరుకీ స్పీకరుకీ, గదికీ గదికీ బోలెడు తేడా. ఆ తేడా చెవికి తెలుస్తుంది, దానికి డబ్బు పెట్టడంలో తప్పులేదు. చెవికి తెలియని తేడాకి నెల జీతం పోసేముందు మాత్రం, కళ్ళు మూసుకుని, పక్కవాడిని తీగ మార్చమని అడగండి. మన గాయకులు ఒప్పుకున్న పరీక్షే కదా!