మాయల మరాఠీ పక్కింటికొచ్చాడు

పోయిన ఆదివారం టీవీలో ‘విరూపాక్ష’ వస్తుంటే ఇంట్లో అందరం కూర్చున్నాం. సినిమా మొదట్లోనే ఒక దృశ్యం ఉంది, గుర్తుందా? 1979లో, రుద్రవనం అనే ఊరు. పిల్లలు వరసగా చనిపోతుంటారు. క్షుద్రపూజలు చేస్తున్నారని ఒక భార్యాభర్తలను ఊరంతా కలిసి చెట్టుకు కట్టేసి నిప్పు పెడతారు. పుష్కరం తిరిగేసరికి ఈ ఊరు వల్లకాడవుతుందని కాలిపోతూ ఆ ఆడమనిషి శాపం పెడుతుంది.

మా పాప నా వైపు తిరిగింది. “మమ్మీ, మన దిక్కు కూడా ఇట్ల కాలబెట్టేటోళ్ళా?”

నేను నోరు తెరిచేలోగా మా అత్తమ్మ అందుకుంది. “బాణామతి అంటే ఏమనుకున్నవే బిడ్డా? నిప్పు లేనిదే పొగొస్తదా?”

ఆ మాటకు జవాబు చెప్పలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను. అక్కడ చెప్పలేనిదే ఇక్కడ రాస్తున్నాను.

మేముండేది చిరాగ్‌పల్లిలో. జహీరాబాద్ దాటి బొంబాయి రోడ్డు మీద వస్తే, తెలంగాణ అయిపోయి కర్ణాటక మొదలయ్యే చోటు. చెక్‌పోస్టు అవతల కన్నడం. ఇంకాస్త పోతే మరాఠీ. చేతబడి, మంత్రాల మాటలకు మూడు భాషల్లోనూ కరువు లేదు. మన మెతుకుసీమలో బాణామతి అన్నదే వాళ్ళకు భానామతి. కోస్తా వైపు మన్యంలో చిల్లంగి అంటారు. పేరేదైనా కథ ఒకటే: ఇంటి మీద రాళ్ళు పడతాయి, పెట్టెలో చీరలు అంటుకుంటాయి, ఒంటి మీద వాతలు తేలతాయి, కొత్త కోడలు ఉన్నట్టుండి ఊగిపోతుంది. ఆ తరవాత ఎవరో ఒకరి పేరు బయటికొస్తుంది.

ఆ పేరు ఎవరిది అన్నదగ్గరే సినిమాకూ ఊరికీ తేడా.

మన సినిమాల్లో మంత్రగాడు ఒకప్పుడు మన ఊరివాడు కాడు. 1942లో జెమిని వాళ్ళు తీసిన ‘బాలనాగమ్మ’లో మాయల మరాఠీ ఉన్నాడు. పేరులోనే పరాయివాడు. బాలనాగమ్మను కుక్కపిల్లను చేసి ఎత్తుకుపోతాడు. వాడి ప్రాణమేమో ఎక్కడో సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. 1951లో ‘పాతాళభైరవి’ వచ్చింది. అందులో ఎస్.వి. రంగారావు నేపాళ మాంత్రికుడు. వాడూ దూరదేశపువాడే. ఆ సినిమాలు చూసి ఇంటికొచ్చినవాళ్ళెవరూ పక్కింటివైపు అనుమానంగా చూసి ఉండరు. మహా అయితే పిల్లలు నాలుగు రోజులు “సాహసం శాయరా” అని అరుచుకుంటూ తిరిగుంటారు. (మా చిన్నప్పుడు మేమూ తిరిగాం.)

1980లలో ఆ మంత్రగాడు ఇళ్ళకు దగ్గరయ్యాడు. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఆస్తి కోసం ఒక చిన్నపిల్ల మీద చేతబడి చేయించడం అందులో కథ. డాక్టర్లు ఒకవైపు, మాంత్రికులు ఒకవైపు. వారం వారం పత్రిక కోసం కొట్లాడుకుని చదివారట. రంగనాయకమ్మగారు ఆ నవలను గంజాయి దమ్ముతో పోల్చి చీల్చి చెండాడారు. బి.ఏ. తెలుగు చదివే రోజుల్లో నేను రెండూ చదివాను. నిజం చెప్పాలంటే మొదటిది రాత్రి నిద్ర పట్టకుండా చదివాను, రెండోది పరీక్షల కోసం చదివాను. ఏది సరైందో తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఇక ఇప్పటివి. 2021లో ‘మా ఊరి పొలిమేర’ నేరుగా ఓటీటీలో వచ్చింది. రెండో భాగం 2023 నవంబరులో థియేటర్లకొచ్చింది. సత్యం రాజేష్ వేసిన కొమరయ్య ఆటో నడుపుకునే మనిషి. మనందరికీ తెలిసినలాంటివాడు. చేతబడి చేసేది వాడే. 2022 నవంబరు ‘మసూద’లో, భర్తకు దూరంగా కూతురితో బతుకుతున్న టీచరమ్మగా సంగీత ఎంత బాగా చేసిందో! ఆ కూతురిని పట్టిపీడించేది ఒకప్పుడు క్షుద్రపూజలు చేసిన ఆడమనిషి. ‘విరూపాక్ష’ 2023 ఏప్రిల్‌ది. అందులో పెట్టిన శాపం పెట్టినట్టే ఫలిస్తుంది. మూడూ కట్టిపడేసేలా తీశారు, నేను కాదనను. కానీ మూడింట్లోనూ చేతబడి నిజమే. అంటే ఊరి భయం నిజమే. మా అత్తమ్మ అన్న మాటే సినిమా కూడా అంటోంది.

ఇప్పుడు ఊరి సంగతి.

మా అమ్మగారి ఊరు పేరు రాయను. ఇదే జిల్లా అనుకోండి. అక్కడ మాకు రెండిళ్ళ అవతల ఒక అవ్వ ఉండేది. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఊళ్ళో కాన్పులన్నీ ఆమెవే. నా బొడ్డు కోసింది కూడా ఆమే. పసిపిల్లలకు కడుపునొప్పి వస్తే పసరు పోసేది, తేలు కుడితే ఏదో గొణుగుతూ వేపమండతో దించేది. ఇంగ్లిషు మందు దొరికేదాకా ఊరికి ఆమే దిక్కు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒక ఇంట్లో కొత్త కోడలికి ఒళ్ళు ఊగడం మొదలైంది. పడి దొర్లేది, కుక్కలా అరిచేది. ఆ ఇంట్లోనే అంతకుముందు ఒక పసిబిడ్డ పోయింది. భూతవైద్యుణ్ణి పిలిచారు. అతను ఆ పిల్లను వేపమండలతో కొడుతూ “ఎవరు పంపిండ్రు చెప్పు, చెప్పు” అని అడిగాడు. మేమంతా గోడ పక్కన నిలబడి చూస్తున్నాం. ఆ పిల్ల చాలాసేపు ఏమీ చెప్పలేదు. దెబ్బలు ఎక్కువయ్యాక అవ్వ పేరు చెప్పింది.

మర్నాడు పొద్దున అవ్వను బయటికి లాక్కొచ్చి పట్కారుతో ముందరి పళ్ళు పీకేశారు. పళ్ళు లేకపోతే మంత్రం పలకదని నమ్మకం. మంత్రాల నెపం మీద పళ్ళు రాలగొట్టడం తెలంగాణలో చాలా ఊళ్ళలో ఉన్న శిక్ష. ఆ రోజు మా నాన్న ఇంట్లోనే ఉన్నాడు. తలుపు తీయలేదు.

అవ్వ చావలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంకా చాలా ఏళ్ళు బతికింది. కాన్పులకు ఎవరూ పిలవలేదు. ఆమె చేతిది ఏదీ తినొద్దని మా అమ్మ నాకు గట్టిగా చెప్పింది. ఆ ఏడు సద్దుల బతుకమ్మ నాడు అందరూ ప్రసాదాలు పంచుతుంటే అవ్వ కూడా మలీద ముద్ద తెచ్చి నా చేతిలో పెట్టింది. తీసుకున్నాను. నాలుగడుగులు వేసి మోరీలో పారేశాను. తిరిగి చూస్తే ఆమె అక్కడే నిలబడి ఉంది.

డిగ్రీలో ఒకరోజు బ్రౌణ్య నిఘంటువు తిరగేస్తుంటే ‘మంత్రసాని’ అన్న మాట కనిపించింది. కాన్పులు చేసే ఆమె అని అర్థం. మనం ఎన్నిసార్లు వాడి ఉంటామో, అందులో ‘మంత్రం’ ఉందని నాకెప్పుడూ తట్టలేదు. మంత్రసానికీ మంత్రగత్తెకీ మధ్య ఉన్నది ఒక పసిబిడ్డ చావు మాత్రమే.

1980ల మొదట్లో మెదక్ జిల్లాలో బాణామతి భయం బాగా ముదిరినప్పుడు విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్ళు ఇక్కడి ఊళ్ళు తిరిగారు. విజయం గారు, డాక్టర్ సమరం గారు, వాళ్ళతో మనస్తత్వశాస్త్రం తెలిసినవాళ్ళు, ఇంద్రజాలికులు వచ్చారు. సమరం గారంటే మనకు వారపత్రికల్లో ప్రశ్నలు–జవాబుల డాక్టరుగానే తెలుసు కదా! మంత్రగాళ్ళు చేసే వింతలు మామూలు గారడీలేనని వాళ్ళు ఊరి మధ్యలో చేసి చూపించారు. ఆ తరవాత జనవిజ్ఞాన వేదిక వాళ్ళు అదే పని చేశారు. పోలీసు కళాబృందాలు ఇప్పటికీ చేస్తున్నాయి. సరిహద్దు అవతల కర్ణాటక ఊళ్ళలో బెంగళూరు నిమ్హాన్స్ డాక్టర్లు ఇదే సంగతి పరిశీలించారు. ఊగేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళేనని, అది మనసు పడే బాధ ఒంటి మీదికి రావడమని చెప్పారు. మామూలుగా నోరెత్తే వీలు లేని కోడలి మాట, పూనకంలో ఉంటే ఇంటిల్లిపాదీ వింటారు. కోడళ్ళుగా ఉన్న మనకు ఇది ఏ డాక్టరూ చెప్పక్కర్లేదు.

నేను చాలాకాలం అవ్వ గురించే బాధపడ్డాను. ఆ కోడలు గురించి ఆలోచించింది ఈమధ్యనే. పదిహేడేళ్ళుంటాయేమో. ఆమెకూ దెబ్బలు తప్పలేదు.

ఇది మన ఒక్కరి కథ కాదు. 1692లో అమెరికాలోని సేలంలో ఇద్దరు ఆడపిల్లలకు ఇలాగే ఫిట్సులాంటివి మొదలయ్యాయి. మొదట పట్టుకున్నది ముగ్గురిని: అడుక్కుతినే ఒక ఆమె, ఊరితో పొత్తులేని ఒక ముసలామె, టిటూబా అనే బానిస. టిటూబా ఒప్పుకుంది, మిగతా ఇద్దరి పేర్లూ చెప్పింది. యజమాని కొట్టి చెప్పించాడని తరవాత అంది. ఏడాది తిరిగేలోగా 19 మందిని ఉరితీశారు, అందులో 14 మంది ఆడవాళ్ళు. ఉరితీసినవాళ్ళలో మేరీ ఈస్టీ అనే ఆమె ఉంది. చాలా తరాల తరవాత 2013లో వచ్చిన ‘ది కంజూరింగ్’ సినిమాలో దయ్యమై పీడించే మంత్రగత్తెను ఎవరికి చుట్టమని చెప్పారనుకున్నారు? ఈ మేరీ ఈస్టీకే. ఏ పాపం ఎరగక ఉరికంబమెక్కిన మనిషి వంశానికి మళ్ళీ అదే నింద. సేలంలో శిక్షపడ్డ చివరి ఆమె మీది నిందను మసాచుసెట్స్ రాష్ట్రం 2022లో చట్టం చేసి కొట్టేసింది. దానికోసం పట్టుబట్టింది ఒక బడిలోని ఎనిమిదో తరగతి పిల్లలు.

మన దగ్గర నిందలు ఇంకా నడుస్తున్నాయి. 2019 సెప్టెంబరులో శామీర్‌పేట మండలం అద్రాస్‌పల్లిలో ఒక మహిళ చితి మీదే ఒక యువకుణ్ణి తగలబెట్టారు. 2022 జనవరిలో జగిత్యాలలో తండ్రినీ ఇద్దరు కొడుకులనూ నరికారు. 2024 అక్టోబరులో మన మెదక్‌లోనే, రామాయంపేట మండలం కాట్రియాలలో ఒక ఆమెను పెట్రోలు పోసి కాల్చారు. ‘విరూపాక్ష’ వచ్చిన మరుసటి ఏడు! సినిమా వల్లే జరిగిందని నేను అనడం లేదు. బాలనాగమ్మ రాకముందు కూడా మన ఊళ్ళలో ఇవి ఉన్నాయి. కానీ పేపర్లో ప్రతిసారీ ఒకే మాట రాస్తారు, ‘మంత్రాల నెపంతో’ అని. నెపం అంటే సాకు. పొలం గట్టు తగాదా, అప్పు, పాత పగ, ఇవి లోపల ఉంటాయి. ఆ మాట రాసిన విలేకరికి తెలిసింది మన సినిమావాళ్ళకు తెలియలేదు.

మహారాష్ట్రలో నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టులో కాల్చి చంపాక అదే ఏడాది చట్టం వచ్చింది. అందులో భానామతి అన్న మాటే రాసి ఉంది. కర్ణాటక చట్టం 2017ది. మా ఇంటి నుంచి చెక్‌పోస్టు దాటితే ఆ చట్టం ఉంది, ఇవతల మనకు అలాంటిది ఇంకా రాలేదు. చంపితే హత్య కేసు, కొడితే దెబ్బల కేసు. మంత్రగత్తె అని ఊరంతా వెలివేస్తే?

మా జహీరాబాద్‌లోనే సినిమాలు తీసే ఆడవాళ్ళు ఉన్నారు తెలుసా? పస్తాపూర్ డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు. బడి మొహం చూడనివాళ్ళు వీడియో కెమెరా పట్టి, వరంగల్ వెళ్ళి బీటీ పత్తి రైతుల మీద సినిమా తీశారు. 2008 నుంచి మాచ్‌నూర్‌లో రేడియో కూడా నడిపారు. గింజలు, ఆకులు, పసర్ల సంగతి తెలిసిన ముసలి ఆడవాళ్ళు అందులో కనిపిస్తారు, మాట్లాడతారు. వాళ్ళు మాట్లాడుతుంటే నాకు మా అవ్వే కనిపిస్తుంది, ముందరి పళ్ళతో.

ఆ ఆదివారం రాత్రి ఇదంతా పాపకు చెప్పాను, మలీద ముద్ద సంగతితో సహా. “ఆమె పేరేంది మమ్మీ?” అని అడిగింది. నాకు తెలియదు. అందరూ మంత్రసాని అవ్వ అనే అనేవాళ్ళు.

మా అత్తమ్మ ఇవతల మంచం మీద పడుకుని అంతా వింటోంది. కాసేపటికి లేచి, సినిమా చూసి పిల్ల జడుసుకుందని గుప్పిట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు తెచ్చి దిష్టి తీసింది. మూడుసార్లు తిప్పి, లోపల ఏదో గొణిగి, వాకిట్లో నీళ్ళు కాచే పొయ్యిలో వేసింది.

“నానమ్మా, ఏం చదివినవ్?” అంది పాప.

“ఏం లేదు బిడ్డా. ఊకె.”