అజ్బాలో ఉప్పు గడ్డ, మినరల్ బస్తా: ఏ జీవానికి ఏది పెట్టాలి

గల్ఫ్‌లో అజ్బాల్లో, మజ్రాల్లో పనిచేసే మనోళ్లలో కొందరు ఊర్లోనే గొర్లు కాసినోళ్లు. కొందరు వేరే పని అని చెబితే వచ్చి పశువుల దగ్గర తేలినోళ్లు. ఇద్దరికీ ఒకటే కష్టం. కఫీల్ బండిలో బస్తాలు తెచ్చి దించిపోతాడు. పైన అరబీలోనో ఇంగ్లీషులోనో రాసుంటుంది. ఏది ఎవరికి ఎంత పెట్టాలో చెప్పేవాళ్లు ఉండరు. బస్తా తెచ్చింది ఎవరైనా పెట్టిన చెయ్యి మీది. నాలుగు జీవాలు చస్తే మాట పడేది మీరు, కోత పడేది మీ జీతంలో. అందుకే ఈ విషయం కొంచెం వివరంగా రాస్తున్నాం.

ఉప్పు వేరు, మినరల్ వేరు

గడ్డిలో, బార్లీలో సోడియం చాలా తక్కువ. అందుకే పశువు ఉప్పు కోసం గోడలు, బట్టలు, మీ చెమట చేతులు కూడా నాకుతుంది. పెద్ద ఆవుకు, ఎద్దుకు రోజుకు సుమారు 30 నుంచి 50 గ్రాములు, గొర్రెకు 10 గ్రాముల దాకా ఉప్పు సరిపోతుంది. ఒంటె సంగతి వేరు. దానికి వీటన్నిటికన్నా చాలా ఎక్కువ కావాలి. ఎడారిలో తిరిగి ఉప్పు మొక్కలు మేసే ఒంటెకు అక్కడే దొరుకుతుంది. దొడ్లో కట్టేసి ఎండుగడ్డి, బార్లీ పెట్టే ఒంటెకు మాత్రం ఉప్పు మీరే పెట్టాలి.

మార్కెట్లో దొరికే గడ్డల రంగులు చూసి చాలామంది మోసపోతారు. తెల్ల గడ్డ మామూలు ఉప్పు. పాకిస్తాన్ నుంచి వచ్చే గులాబీ రంగు రాతి ఉప్పు కూడా దాదాపు మొత్తం ఉప్పే. అందులో అన్ని ఖనిజాలూ ఉంటాయని దుకాణదారు చెప్పినా, ఉన్నవి పశువు అవసరానికి చాలవు. ఎర్రగా, గోధుమ రంగులో ఉండేవాటిలో సాధారణంగా ఇనుము, జింకు, రాగి, మాంగనీసు లాంటివి కలుపుతారు. నీలం రంగువాటిలో ఎక్కువగా కోబాల్టు, అయోడిన్ ఉంటాయి. అయితే రంగు కంపెనీ ఇష్టం. రంగును కాదు, రాతను నమ్మండి.

అసలు ప్రమాదం రాగి

ఈ వ్యాసంలో ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలంటే ఇదే: ఆవుల కోసం చేసిన మినరల్ గొర్రెలకు పెట్టకండి.

ఆవుకు మేతలో కిలోకు 10 మిల్లీగ్రాముల రాగి అవసరం. 40 దాకా తట్టుకుంటుంది. గొర్రెకు 15 దాటితేనే ప్రమాదం మొదలవుతుంది. గొర్రె ఒంట్లోకి వచ్చిన రాగి తొందరగా బయటికి పోదు, కాలేయంలో పేరుకుపోతుంది. వారాలు, నెలలు ఏమీ కనిపించదు. గొర్రె తింటుంది, తిరుగుతుంది, మీరు అంతా బాగుందనుకుంటారు. ఒకరోజు బండి ఎక్కించి తీసుకెళ్లినప్పుడో, వేడి దెబ్బకో, మేత మారినప్పుడో కాలేయంలోని రాగి ఒక్కసారిగా రక్తంలోకి దూకుతుంది. కళ్లు, చిగుళ్లు పచ్చబడతాయి. మూత్రం ముదురు ఎరుపుగా, నల్ల కాఫీలా వస్తుంది. గొర్రె మేత మానేసి పడిపోతుంది. ఒకటి రెండు రోజుల్లో చస్తుంది. పక్కవి కూడా అదే మినరల్ నాకాయి కాబట్టి వాటికీ ప్రమాదమే.

లెక్క కూడా చూద్దాం. లేబుల్ మీద రాగి 1500 పీపీఎం అని ఉంటే కిలో మినరల్‌లో 1500 మిల్లీగ్రాములు ఉన్నట్టు. గొర్రె రోజుకు 15 గ్రాములు నాకితే 22.5 మిల్లీగ్రాములు లోపలికి పోతుంది. అది రోజుకు కిలోన్నర మేత తింటుందనుకుంటే, మినరల్ ఒక్కదాని వల్లే మేతలో కిలోకు 15 మిల్లీగ్రాములు చేరినట్టు. మేతలో ముందే ఉన్న రాగి దీనికి అదనం. హద్దు దాటిపోయింది. శాతంలో రాసుంటే 1 శాతం అంటే 10,000 పీపీఎం. 0.15 శాతం అని చిన్నగా కనిపించేది కూడా ఈ 1500 పీపీఎమ్మే.

మేకలు గొర్రెలకన్నా రాగిని కొంచెం ఎక్కువ తట్టుకుంటాయి. కానీ రెండూ ఒకే దొడ్లో ఉంటే గొర్రెల మినరలే పెట్టండి. ఊర్లో అలవాటు కొద్దీ గిట్టల పుండ్లకు మైలతుత్తం వాడేవాళ్లు ఇంకో మాట వినండి. మైలతుత్తం అంటే రాగే. ఆ నీళ్లు గొర్రెలు తాగకుండా చూడండి, పని అయ్యాక తొట్టి ఖాళీ చేయండి.

పచ్చ కళ్లు, నల్ల మూత్రం కనిపించగానే ఆ మినరల్ తీసేసి, మందను కదిలించకుండా నీడలో ఉంచి, పశువుల డాక్టర్‌ను పిలిపించండి. బాగున్నట్టు కనిపించేవాటికి కూడా డాక్టర్ మందు ఇస్తే కొన్ని బతుకుతాయి.

అరబీలో రాగిని నుహాస్ అంటారు. దుకాణంలోగానీ కఫీల్‌నుగానీ "హాదా లిల్ గనమ్?" అని అడగండి, ఇది గొర్రెలకేనా అని. "ఫీ నుహాస్?" అంటే రాగి ఉందా అని. బస్తా మీద లిల్ అబ్ఖార్ అని ఉంటే ఆవులది, లిల్ అగ్నామ్ అని ఉంటే గొర్రెలది. చదవడం రాకపోతే ఫోటో తీసి చదువొచ్చిన దోస్తుకు పంపండి. సిగ్గుపడాల్సిన పని కాదు.

యూరియా గడ్డలు, కోళ్ల దాణా

బెల్లం మడ్డి, యూరియా కలిపిన నాకుడు గడ్డలు ఎండుగడ్డి మేసే పెద్ద పశువులకు మంచివే. మన దగ్గర కూడా వాడతారు. కానీ గడ్డను మెల్లగా నాకాలి, కొరికి మింగకూడదు. వాన పడి గడ్డ కరిగి గుంటలో నిలిచిన నీళ్లు తాగితే పశువు గంటల్లోనే చస్తుంది. పాలు మరవని దూడలకు, పిల్లలకు, గుర్రాలకు అసలే వద్దు.

మాంసం కోసం పెంచే దూడల దాణాలో, కొన్ని మినరల్ మిశ్రమాల్లో మోనెన్సిన్ అనే మందు ఉంటుంది. కోళ్ల దాణాలో సాలినోమైసిన్ లాంటివి ఉంటాయి. ఇవి గుర్రానికి, ఒంటెకు విషం. మిగిలిపోయిన దాణా పారేయడం ఎందుకని ఒంటె ముందు పెట్టే అలవాటు కొన్ని చోట్ల ఉంది. మీరు పెట్టకండి. కఫీల్ పెట్టమంటే ఈ సంగతి చెప్పండి.

మేతను బట్టి మినరల్

మజ్రాలో లావు చేసే దూడలకు, పొట్టేళ్లకు బార్లీ, అదే షయీర్, ఎక్కువగా పోస్తారు. బార్లీలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ. వీటికి ఫాస్ఫరస్ దండిగా ఉన్న ఖరీదైన మినరల్ కొనడం డబ్బు దండగ, పైగా నష్టం. పొట్టేళ్లకు, మేకపోతులకు మూత్రంలో రాళ్లు వస్తాయి. వీపు వంచి ముక్కుతూ నిలబడి, చుక్కచుక్కగా పోస్తూ, కాలితో పొట్ట తన్నుకుంటుంటే అదే. ఆలస్యమైతే మూత్రసంచి పగిలి చస్తుంది. వంద కిలోల బార్లీకి కిలో సున్నపురాయి పొడి కలపడం, కొంత బర్సీమ్ పెట్టడం, ఉప్పు, నీళ్లు ఎప్పుడూ అందేలా చూడటం దీనికి ముందు జాగ్రత్త. సున్నపురాయి పొడి అంటే దాణాలో వాడేది. గోడలకు వేసే సున్నం కాదు, అది నోరు కాలుస్తుంది.

బార్లీ లేకుండా ఎండుగడ్డి, గడ్డి మోపులే తినేవాటికి లెక్క తిరగబడుతుంది. వాటికి ఫాస్ఫరస్ కావాలి. ఎముకలు, గుడ్డలు, చెక్కలు నములుతున్నాయంటే కొరత ఉండొచ్చు. కళేబరాల ఎముకలు నమిలితే పక్షవాతం లాంటి జబ్బు వచ్చి చస్తాయి, అందుకే వాటిని దూరంగా పూడ్చండి.

నీళ్లు చూడకుండా ఉప్పు పెట్టొద్దు

ఉప్పు తిన్న పశువుకు నీళ్లు అందకపోతే అదే ఉప్పు విషం. కళ్లు కనిపించనట్టు గోడలకు గుద్దుకుంటుంది, తూలుతుంది, కొట్టుకుంటుంది. ట్యాంకర్ రాక నీళ్లు అయిపోతే వెంటనే ఉప్పు, మినరల్ తీసేయండి. నీళ్లు వచ్చాక ఒక్కసారిగా తాగనివ్వకండి, కొద్దికొద్దిగా విడతలుగా పెట్టండి.

ఎడారి బావుల్లో నీళ్లే ఉప్పగా ఉంటాయి. లీటరుకు 3 గ్రాముల ఉప్పులోపు ఉంటే పశువులకు సాధారణంగా పర్వాలేదు. 10 గ్రాములు దాటితే పెట్టకూడదు. నీళ్లు ఉప్పగా ఉన్నచోట పశువు ఉప్పు గడ్డ ముట్టదు. దాంతో గడ్డలో ఉన్న మినరల్ కూడా లోపలికి పోదు. అలాంటి చోట మినరల్‌ను దాణాలోనే కొలిచి కలపాలి.

గట్టి గడ్డలు కొరికి గొర్రెలకు పళ్లు పోతాయి. ఆవులు నాలుకతో చాలినంత నాకలేవు. పొడిగా ఉండేది నేలకు ఎత్తులో తొట్టిలో, నీడలో పెట్టడం మేలు. బస్తా ఎన్నాళ్లు వచ్చిందో గోడ మీద గీతలు పెట్టి లెక్కేయండి. వంద గొర్రెలకు తలా 10 గ్రాములంటే రోజుకు కిలో. 25 కిలోల బస్తా 25 రోజులు రావాలి. వారంలో అయిపోతే అవి అవసరానికి మించి తింటున్నట్టు.

మీ గురించి

పశువుల ఉప్పు మీ కూరలో వేసుకోకండి. అందులో వేరే ఖనిజాలు కలిసి ఉంటాయి. యూరియా ఉప్పులాగే తెల్లగా ఉంటుంది కాబట్టి వంట సామాను పక్కన అస్సలు పెట్టకండి. పొడి కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుని, తర్వాత చేతులు కడుక్కోండి.

కొత్త బస్తా వచ్చిన ప్రతిసారీ రెండు వైపులా ఫోటో తీయండి. ఎంత పెట్టాలో కఫీల్‌ను వాట్సాప్‌లో అడిగి, అతని జవాబు, వాయిస్ మెసేజ్ అయినా సరే, దాచుకోండి. జీవాలు చస్తే కళేబరాల ఫోటోలు, తేదీ, ఎన్ని చచ్చాయో రాసుకోండి. సౌదీలో కాపరులకు మామూలు కార్మిక చట్టం వర్తించదు, వారికి వేరే నిబంధనలు ఉన్నాయి. అందుకే మీ చేతిలో ఉన్న రుజువే మీ బలం. చచ్చిన జీవాల పేరు చెప్పి జీతం ఆపితే ఖాళీ కాగితం మీద, చదవలేని కాగితం మీద సంతకంగానీ వేలిముద్రగానీ పెట్టకండి. ఆ ఫోటోలు, మెసేజీలు జతచేసి భారత రాయబార కార్యాలయానికి, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఫోన్ లాక్కుంటారనే భయం ఉంటే అవే ఫోటోలు ఎప్పటికప్పుడు ఇంట్లో వాళ్లకు పంపి పెట్టండి. ఊరి నుంచి వాళ్లు కూడా మీ పేరు మీద మదద్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.