వెండి ఆకులో చలి

మే నెల మధ్యాహ్నం. చార్మినార్ దగ్గర సందు తిరగగానే చప్పుడు మిమ్మల్ని పిలుస్తుంది: టక్, టక్, టక్. కింద రాతి దిమ్మె, పైన ఇనుప సుత్తి, నడుమ తోలు తొడుగులో పుస్తకంలా పేర్చిన పొరలు. పొరకూ పొరకూ మధ్య చిన్న వెండి ముక్క. గడప మీద కూర్చుంటారు. మెడ మీది చెమట ఆరదు.

"ఎంతసేపు కొట్టాలి చాచా?"

"గంటలు పడుతుంది," అంటాడాయన సుత్తి ఆపకుండానే.

పుస్తకం తెరుస్తాడు. వెండి వరఖ్! మీ ఊపిరి సోకితేనే అంచు లేస్తుంది. ఇన్ని దెబ్బలు తిన్నా వెండి పరుచుకుందే గానీ కుదించుకుపోలేదు. లోపల ఒక్కో పరమాణువు వదిలిన ఎలక్ట్రాన్లు లోహమంతా తిరుగుతుంటాయి. అదొక ఫెర్మి వాయువు. ఒక్కో శక్తి మెట్టు మీద రెండిటికే చోటు, అదీ స్పిన్‌లు వేరైతేనే. మిగతావి పైపై మెట్లు ఎక్కాల్సిందే. నొక్కితే ఎదురు తిరిగే బలంలో ఆ ఇరుకుకూ వాటా ఉంది.

అలా నిండిన చిట్టచివరి పై మెట్టు ఎత్తు ఉష్ణోగ్రతగా చెబితే దాదాపు 64,000 కెల్విన్. ఈ ఎండ 315 కెల్విన్, అంటే అందులో 200వ వంతు. మనం ఉడికిపోతున్న వేళ ఈ ఎలక్ట్రాన్లు తమ లెక్కలో కటిక చలిలో ఉన్నాయి. లేజర్లతో మైక్రోకెల్విన్ కన్నా దిగువకు చల్లార్చిన లిథియం-6 పరమాణువుల ఫెర్మి వాయువు కూడా, దాని పై మెట్టుతో పోలిస్తే, సాధారణంగా పదో వంతు, ఇరవయ్యో వంతు దగ్గరే ఉంటుంది.

అయినా ఘర్షణ లేకుండా ప్రవహించింది ఆ లిథియమే. 2005లో ఎమ్ఐటీలో భౌతిక శాస్త్రవేత్త కెటర్లీ బృందం దాన్ని తిప్పితే, ఆ ప్రవాహానికి గుర్తుగా సుడులు వరుసలు కట్టి కనిపించాయి. 832 గాస్ అయస్కాంత క్షేత్రం చుట్టుపక్కల రెండు స్పిన్ రకాల పరమాణువుల మధ్య ఆకర్షణ పెరిగి జతలు కుదురుతాయి; ఘర్షణ లేకుండా ప్రవహించేది ఆ జతలే. వెండిలో ఎలక్ట్రాన్ల మధ్య అలాంటి ఆకర్షణ బలహీనం. ఎంత చల్లార్చినా స్వచ్ఛమైన వెండి ఇంతవరకు అతివాహకం కాలేదు.

లిథియంలో మూడో స్పిన్ రకం కూడా చేరితే? రెండు జతకట్టి ఒకటి ఒంటరిగా మిగలొచ్చు, మూడూ కలిసి ముడిపడొచ్చు. కానీ మూడు రకాలూ ఢీకొన్నప్పుడు రెండు గట్టిగా అతుక్కుంటే, వెలువడే శక్తికి మూడూ వాయువును పట్టి ఉంచిన ఉచ్చులోంచి ఎగిరిపోతాయి. అందుకే మూడు రకాలున్న ఆ స్థితిని పట్టి నిలపడం అంత కష్టం.

చాచా ఒక తునక మీ వేలికి అంటిస్తాడు. బరువే తెలియదు. అందులో చలి ఉంది, రెండు స్పిన్ రకాలూ ఉన్నాయి. కుదరనిది జత ఒక్కటే. వెనక సుత్తి మళ్లీ మొదలవుతుంది.