పోకెమాన్ ఆటలో స్వభావాల చరిత్ర

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, తేదీలు అనుకుంటాము. మా సాంఘికశాస్త్రం సారు మాత్రం "మీరు రోజూ చేత్తో పట్టుకునే వస్తువుకు కూడా చరిత్ర ఉంటుంది, అది రాసుకుని రండి" అన్నారు. నేను వీడియో గేమ్ గురించి రాస్తానంటే క్లాసంతా నవ్వింది. సారు నవ్వలేదు. అందుకే రాస్తున్నాను.

పోకెమాన్ ఆటను తయారు చేసింది జపాన్‌లోని గేమ్ ఫ్రీక్ అనే సంస్థ. దీన్ని ఊహించిన సతోషి తజిరికి చిన్నప్పుడు పురుగులు పట్టి పెంచడమంటే మహా ఇష్టం. ఆ సరదాయే ఆట అయింది. మొదటి ఆటలు జపాన్‌లో 1996 ఫిబ్రవరి 27న వచ్చాయి. అప్పటి జీవులకు బలం, వేగం ఉండేవి గాని స్వభావం లేదు.

స్వభావాలు 2002 నవంబరులో వచ్చిన రూబీ, సఫైర్ ఆటలతో మొదలైనాయి. మొత్తం 25. ధైర్యం, పిరికితనం, తొందర, హుషారు, ఇట్లాంటివి. వీటిలో 20 స్వభావాలు ఒక గుణాన్ని పది శాతం పెంచి ఇంకొకదాన్ని పది శాతం తగ్గిస్తాయి. మిగతా 5 ఏమీ మార్చవు. పిరికి జీవికి వేగం 100 ఉండాల్సింది 110 అవుతుంది, దాడి 100 ఉండాల్సింది 90 అవుతుంది. దూరం నుండి నీళ్ళో నిప్పో చిమ్మే జీవికి ఇది లాభమే. మీదపడి కొట్టే జీవికి నష్టం.

స్వభావం కాక, ప్రతి జీవికి ఆరు గుణాల్లోనూ పుట్టుకతో 0 నుండి 31 దాకా ఒక దాగిన అంకె ఉంటుంది. ఆరింటికీ 31 రావాలంటే ఎంత కష్టమో లెక్క వేసినాను. ఆరు 32లను గుణిస్తే 107 కోట్లు దాటింది. అందులో ఒక్కసారి! అందుకే ఆడేవాళ్ళు గుడ్ల మీద గుడ్లు పొదిగిస్తారు. 2004లో వచ్చిన ఎమరాల్డ్ ఆటలో తల్లికి ఎవర్‌స్టోన్ అనే రాయి ఇస్తే దాని స్వభావం పిల్లకు రావడానికి సగం అవకాశం ఉండేది. 2012లో వచ్చిన బ్లాక్ 2, వైట్ 2 ఆటల నుండి అది తప్పకుండా వస్తుంది.

ఇంక నా సంగతి. మా పెదనాన్న కొడుకు బెంగళూరు నుండి తెచ్చిన స్విచ్‌లో నేనూ మా చెల్లీ స్వోర్డ్ ఆట ఆడేవాళ్ళం. చెల్లి మొదట ఎంచుకున్నది స్కోర్‌బనీ అనే నిప్పు కుందేలు. దానికి చిట్టి అని పేరు పెట్టింది. చిట్టి స్వభావం పిరికి. అది మీదపడి తన్నే జీవి కదా, ఇది పనికిరాదని నేను తీర్మానం చేసినాను. హుషారు స్వభావంతో కొత్త కుందేలు వచ్చేదాకా గుడ్లు పొదిగించినాను. చెల్లి నిద్రపోతున్నప్పుడు చిట్టిని వదిలేసినాను. ఆటలో వదిలేస్తే మళ్ళీ రాదు.

పొద్దున "చిట్టి ఏదన్నా?" అని అడిగింది. దానికంటే మంచిది తెచ్చినానని గొప్పగా చూపించినాను. తను చూడలేదు. చాలా రోజులు ఆట ముట్టలేదు.

ఈ వ్యాసం కోసం చదువుతుంటే తెలిసింది. 2019 నవంబరు 15న వచ్చిన ఆ స్వోర్డ్ ఆటలోనే మింట్ అనే ఆకులు పెట్టినారు. కథ ముగించి, బ్యాటిల్ టవర్‌లో గెలిచి 50 పాయింట్లు కూడబెడితే ఒక ఆకు వస్తుంది. దాని వాసన చూపిస్తే గుణాలు మనకు కావలసినట్లు మారతాయి. పేరు మాత్రం పిరికి అనే ఉంటుంది. అంటే చిట్టి చిట్టిగానే ఉండి బాగా పోరాడేది. 17 ఏళ్ళ తర్వాత ఆట చేసినవాళ్ళే దారి చూపించినారు, నేను కళ్ళ ముందున్నది చూడలేదు. అంతకంటే ముందు, చెల్లిని ఒక మాట అడగలేదు.

వ్యాసం మొదట తనకే చదివి వినిపించినాను. అంతా విని, "చిట్టి పేరు తీసేయొద్దన్నా" అంది. తీయలేదు.