బాల్యం నుంచి స్త్రీత్వం వరకు: దీర్ఘకాలిక డాక్యుమెంటరీ, కనిగిరి ప్రాంత స్త్రీల చరిత్ర

వ్యాస సారాంశం

కొందరు బాలికలను ఏళ్ల తరబడి అనుసరించి, వారు స్త్రీలుగా ఎదిగే క్రమాన్ని నమోదు చేసే డాక్యుమెంటరీని చరిత్ర రచనకు ఆధారంగా ఎలా స్వీకరించాలన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బ్రిటన్, ఆస్ట్రేలియా దేశాల చిత్రాలను, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో మొదటి విడత జరిగిన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనాన్ని పోల్చి, పశ్చిమ ప్రకాశంలోని కనిగిరి ప్రాంతానికి అటువంటి నమోదు ఎందుకు అవసరమో, దానికి ఉండవలసిన నైతిక హద్దులేమిటో చర్చిస్తుంది.

కీలక పదాలు: దీర్ఘకాలిక డాక్యుమెంటరీ, బాలికలు, కనిగిరి, ఫ్లోరైడ్, బాల్యవివాహం, సమ్మతి.

1. ప్రస్తావన

తెలుగునాట స్త్రీల చరిత్ర రచన ప్రధానంగా జ్ఞాపకం మీద ఆధారపడింది. స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను దశాబ్దాల తరువాత నమోదు చేసింది. ఆ గ్రంథం మౌఖిక చరిత్రకు గట్టి పునాది వేసింది. అయితే జ్ఞాపకానికి ఒక స్వభావం ఉంది. అది గతాన్ని వర్తమానం నుంచి వెనుదిరిగి చూస్తుంది. పన్నెండేళ్ల వయసులో ఆ అమ్మాయి ఏమి కోరుకుందో, నలభై ఏళ్ల స్త్రీ చెప్పే మాటలో యథాతథంగా దొరకదు. దీర్ఘకాలిక డాక్యుమెంటరీ ఇందుకు భిన్నంగా, ఫలితం తెలియని దశలోనే మాటను నమోదు చేస్తుంది. చరిత్రకారునికి దాని విలువ ఇక్కడే ఉంది.

2. చలనచిత్ర సంప్రదాయం

ఈ ప్రక్రియలో ఎక్కువ ప్రసిద్ధి పొందినది బ్రిటన్‌లో గ్రెనడా టెలివిజన్ 1964లో ప్రసారం చేసిన ‘సెవెన్ అప్’. ఏడేళ్ల వయసున్న 14 మంది పిల్లలతో మొదలై, ఏడేళ్లకొకసారి వారిని కలుసుకుంటూ 2019లో ‘63 అప్’ వరకు సాగింది. మొదటి చిత్రానికి పరిశోధకునిగా పనిచేసిన మైకేల్ ఆప్టెడ్ తరువాతి భాగాలకు దర్శకత్వం వహించారు. ఆ 14 మందిలో బాలికలు నలుగురే. స్త్రీల జీవితాలలో రాబోయే మార్పును ఊహించలేకపోవడం ఈ ఎంపికలోని లోపమని ఆప్టెడ్ తరువాతి కాలంలో అంగీకరించారు. 2005 నాటి భాగంలో జాకీ అనే పాత్రధారి, తనను ఆయన చూస్తూ వచ్చిన తీరును కెమెరా ముందే నిలదీసింది. ప్రశ్న అడిగే వారి ఊహలు కూడా నమోదులో భాగమేనని ఈ సంఘటన స్పష్టం చేస్తుంది.

కేవలం బాలికల ఎదుగుదలనే వస్తువుగా తీసుకున్నవారు ఆస్ట్రేలియా దర్శకురాలు గిలియన్ ఆర్మ్‌స్ట్రాంగ్. అడిలైడ్ నగరంలోని శ్రామిక కుటుంబాలకు చెందిన, పద్నాలుగేళ్ల వయసున్న ముగ్గురు బాలికలతో 1976లో ‘స్మోక్స్ అండ్ లాలీస్’ రూపొందించారు. 2010 వరకు వారి జీవితాలపై మొత్తం అయిదు చిత్రాలు వచ్చాయి. చదువు, పెళ్లి, మాతృత్వం, ఉపాధి అనే మలుపులు విడివిడి గణాంకాలుగా కాక, ఒకదానికొకటి కారణమయ్యే వరుసగా అక్కడ కనిపిస్తాయి.

3. తెలుగు నేలపై సమాంతర ప్రయత్నం

తెలుగు ప్రాంతంలో ఈ పద్ధతికి సన్నిహితమైనది చలనచిత్రం కాదు, ఒక సామాజిక అధ్యయనం. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఇథియోపియా, భారత్, పెరూ, వియత్నాం దేశాలలో సుమారు 12,000 మంది పిల్లలను అనుసరించిన ‘యంగ్ లైవ్స్’, భారతదేశంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను ఎంచుకుంది. ఇక్కడ సుమారు 3,000 మందిలో 2,000 మంది 2001–02 ప్రాంతంలోను, 1,000 మంది 1994–95 ప్రాంతంలోను పుట్టినవారు. హైదరాబాదులోని సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్, తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఈ కృషిలో పాలుపంచుకున్నాయి. పెద్ద వయసు బృందంలోని బాలికలలో మూడో వంతుకు పైగా పంతొమ్మిదేళ్లకే వివాహితులయ్యారని ఈ అధ్యయనం చూపింది. అదే వయసు బాలురలో వివాహితులు అతి స్వల్పం.

ఈ అధ్యయనం పిల్లల అసలు పేర్లను వెల్లడించదు, మారుపేర్లనే వాడుతుంది. చలనచిత్రానికి ముఖం ప్రాణం కాగా, పరిశోధనకు ఆ ముఖాన్ని దాచడమే ధర్మమయింది. ఈ రెండు మార్గాల మధ్య ఘర్షణే ప్రస్తుత చర్చకు కేంద్రం.

4. కనిగిరి ప్రాంతం: నమోదు కావలసిన కాలం

‘యంగ్ లైవ్స్’ ఎంచుకున్న జిల్లాలలో శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాదు ఉన్నాయి, ప్రకాశం లేదు. 1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం అయింది. కనిగిరి నెల్లూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చి చేరాయి. పాత జిల్లాలకు శివారుగా ఉన్న ఈ మెట్టప్రాంతం కొత్త జిల్లాలోనూ శివారుగానే మిగిలింది. కరువు, వలస, మార్కాపురం పలకల పరిశ్రమలో కూలి, ఫ్లోరైడ్ నీరు ఇక్కడి జీవితాన్ని తీర్చిదిద్దిన అంశాలు.

వీటిలో ఫ్లోరైడ్ సమస్య స్వభావరీత్యానే దీర్ఘకాలికం. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదన్నది ప్రమాణం. పళ్లపై పింగాణీ పొర ఏర్పడే చిన్న వయసులో ఆ నీరు తాగితే మచ్చలు జీవితాంతం నిలుస్తాయి. ఎముకలపై ప్రభావం ఏళ్ల తరబడి పేరుకొని తరువాత బయటపడుతుంది. ఒకసారి జరిపే సర్వేకు మచ్చ మాత్రమే అందుతుంది. నీళ్లు మోసే బాలిక నడుము నొప్పితో కుంగే స్త్రీగా మారే క్రమం అందాలంటే పరిశీలకులు పదేపదే తిరిగి రావాలి.

వెలిగొండ ప్రాజెక్టును కూడా ఇదే దృష్టితో చూడవచ్చు. శ్రీశైలం జలాశయం నుంచి సొరంగాల ద్వారా కృష్ణా వరదనీటిని ఈ ప్రాంతానికి తెచ్చే ఈ పథకానికి 1996లో శంకుస్థాపన జరిగింది. ఆ ఏడు పుట్టిన ఆడపిల్లకు 2014లో పద్దెనిమిదేళ్లు నిండాయి. అప్పటికి సొరంగాల తవ్వకం సాగుతూనే ఉంది. ప్రభుత్వ దస్త్రాలలో అది పనుల జాప్యం. ఆమె లెక్కలో మాత్రం బాల్యమంతా బిందెతో గడిచిన కాలం.

5. ముఖం, పేరు, సమ్మతి

అవసరం ఎంత ఉన్నా, నమోదుకు హద్దులు ఉండాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో సుమారు 29 శాతం పద్దెనిమిదేళ్లు నిండకముందే వివాహితులు. కనుక ఇక్కడ పదేళ్లపాటు కొందరు బాలికలను చిత్రీకరించేవారికి బాల్యవివాహం ఎదురయ్యే అవకాశం ఎక్కువ. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం, 2012 నాటి పోక్సో చట్టం అమలులో ఉండగా, ఆ దృశ్యం చారిత్రక ఆధారంతోపాటు నేరానికి సాక్ష్యం కూడా అవుతుంది. మౌనంగా చిత్రీకరిస్తే బాలికకు ద్రోహం. అధికారులకు తెలియజేస్తే కుటుంబంతో సంబంధం తెగి, నమోదు అక్కడే ఆగిపోవచ్చు. ఈ ఎంపికలో బాలిక క్షేమం మొదటిది, చిత్రం రెండవది కావాలి. అలా ఆగిపోయిన నమోదు కూడా చరిత్రకు అసత్యం చెప్పదు.

రెండవ చిక్కు సమ్మతి. ఎనిమిదేళ్ల పాప తరఫున తల్లిదండ్రులు ఇచ్చే అనుమతి, అత్తవారింట్లో ఉన్న ఇరవై అయిదేళ్ల స్త్రీని బంధించజాలదు. కనుక ప్రతి విడతలోనూ సమ్మతిని కొత్తగా అడగాలి. పాత దృశ్యాలను వెనక్కు తీసుకునే హక్కు ఆమెకే ఉండాలి. మూడవది, పెళ్లితో ఊరు మారడం. ఆమెను వెతుక్కుంటూ అత్తవారి ఊరికి వెళ్లని నమోదు, పుట్టింటి చరిత్రగానే మిగిలిపోతుంది.

6. ముగింపు

దీర్ఘకాలిక డాక్యుమెంటరీ స్త్రీల చరిత్రకు జ్ఞాపకం ఇవ్వలేని ఒక ఆధారాన్ని ఇస్తుంది: జరగని భవిష్యత్తు గురించి బాలిక చెప్పిన మాట. ఏమవుదామనుకున్నదో, ఏమయిందో రెండూ పక్కపక్కన ఉన్నప్పుడే ఆ రెండింటి మధ్య నీరు, వలస, పెళ్లి, చదువు ఎంత పని చేశాయో తేల్చడం సాధ్యం. చిత్రానికి ముఖం కావాలన్న వాదనను, పరిశోధన పాటించే గోప్యతను సమన్వయపరచే మార్గం ఒకటుంది. దృశ్యాలను భద్రపరచి, వాటిని ఎప్పుడు, ఎవరికి చూపాలన్న నిర్ణయాన్ని ఆయా స్త్రీలకే అప్పగించడం. అటువంటి భాండాగారాన్ని స్థానిక కళాశాలల చరిత్ర, సామాజిక శాస్త్ర శాఖలు చేపట్టదగును. ఏళ్ల తరబడి తిరిగి వెళ్లవలసిన పనికి అక్కడే ఉన్నవారు ముందుకు రావడం సహజం. కనిగిరిలో నేడు బడికి వెళ్తున్న పాప మాటను నేడే నమోదు చేయకపోతే, ముప్పై ఏళ్ల తరువాత చరిత్రకారునికి మిగిలేది ఆమె జ్ఞాపకం మాత్రమే.