సురభి ఇంటిపెద్ద వనారస గోవిందరావు

వనారస గోవిందరావు సురభి నాటక సమాజాలకు మూలపురుషుడు. 1885లో ఆయన, వనారస చిన రామయ్య కలిసి తమ తొలి రంగస్థల నాటకం ‘కీచకవధ’ ఆడిన ఊరు సురభి. కడప జిల్లా చక్రాయపేట మండలంలో ఉంది. దీని పాత పేరు సొరుగు. ఇంటిపేరు వనారస అయినా, లోకానికి ఆ కుటుంబం ఈ ఊరి పేరుతోనే తెలుసు.

గోవిందరావు పూర్వీకులు మరాఠా దేశం నుంచి దక్షిణానికి వచ్చిన ఆరె మరాఠీలు. ఇంట్లో మాట మరాఠీ, ఆటలో మాట తెలుగు. వారి కులవృత్తి తోలుబొమ్మలాట. పలచగా గీకి రంగులద్దిన తోలుబొమ్మను తెల్లటి తెరకు ఆనించి, వెనక దీపం పెట్టి, రామాయణ భారత కథలు తెల్లవార్లూ ఆడేవారు. మధ్యమధ్య జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి నవ్వించి పోయేవారు. బొమ్మ ఆడించడం, గొంతు మార్చి మాట్లాడడం, పాట, వాద్యం అన్నీ ఇంటివాళ్ల పనే. ఆడవాళ్లు కూడా తెర వెనక కూర్చుని స్త్రీ పాత్రలకు పాట, మాట అందించేవారు.

1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం తెలుగు ఊళ్లలో ప్రదర్శనలు ఇచ్చాక, నాటకమంటే జనానికి మోజు పుట్టింది. ఆ గాలి సొరుగు దాకా వీచింది. బొమ్మల చేత ఆడించే కథను మనుషులే వేషం కట్టి ఆడవచ్చు కదా అన్న ఆలోచన నుంచి ‘కీచకవధ’ పుట్టింది. కథ కొత్తది కాదు. పాట, పద్యం, సమయస్ఫూర్తి వారికి వెన్నతో పెట్టిన విద్య. ఇక కావలసిందల్లా తెర ముందుకు రావడమే.

గోవిందరావుకు ముగ్గురు కొడుకులు, పదిమంది కూతుళ్లు. పెళ్లయిన కూతురు మెట్టినింటికి పోతే ఒక నటి తగ్గాలి. సురభిలో అలా జరగలేదు. వనారస, రేకందార్, ఆవేటి, సిందే ఇంటిపేర్ల కుటుంబాలు ఒకరికొకరు పిల్లనిచ్చి పుచ్చుకోవడంతో, అటు వెళ్లిన ఆడపిల్ల కూడా నాటకంలోనే ఉండిపోయింది. సంసారం పెరిగి ఒక డేరా చాలనప్పుడు ఒక శాఖ విడిపోయి కొత్త సమాజం పెట్టుకునేది. అలా ఒక దశలో సురభి సమాజాలు 36 దాకా చేరాయి. రేకందార్ చిన వెంకటరావు 1937లో శ్రీకాకుళం వైపు జిమిడిపేటలో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి ఈ కొమ్మల్లో ఒకటి. తాత ఆస్తిగా పొలం పంచుకునే కుటుంబాలు ఊరూరా ఉంటాయి. ఈ కుటుంబం పంచుకున్నది తెరలు, కిరీటాలు, నోటికి వచ్చిన పద్యాలు.

ఇతర సమాజాల్లో మగవాళ్లే చీర కట్టి ద్రౌపది, తార వేషాలు వేస్తున్న కాలంలో సురభిలో స్త్రీ పాత్రలు స్త్రీలే వేశారు. పొత్తిళ్లలో బిడ్డ కావలసిన చోట ఇంట్లోని పసిబిడ్డే రంగం మీదికి వచ్చేది. నడక వచ్చినప్పటి నుంచి ప్రహ్లాదుడు, లవుడు, కుశుడు. వయసు ముదిరాక రాజు, ముని. ఇలా ఒకే మనిషి ఒకే నాటకంలో ఏళ్ల తరబడి మెట్టుమెట్టుగా ఎక్కేవాడు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి పాత్ర ధరించిన సురభి కమలాబాయి ఈ బడిలో చదివినదే.

సురభి పేరు చెప్పగానే ప్రేక్షకులకు గుర్తొచ్చేవి తెరల మాయలు. కర్రకు చుట్టిన రంగుల తెర జారగానే అడవి కాస్తా రాజసభ అవుతుంది. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు నోరు తెరిస్తే పళ్లెంలోని లడ్డూలు ఒక్కొక్కటే గాలిలో లేచి నోట్లోకి పోతాయి. నారదుడు పైనుంచి దిగుతాడు. లడ్డూకు కట్టిన దారం, నారదుణ్ణి మోసే తీగ వెలుతురులో కనబడకూడదు. వాటిని లాగే మనిషి చేయి నటుడి మాటతో కలవాలి. వెనక దాగి బొమ్మను ఆడించిన నేర్పే ఇక్కడ తాళ్లలోకి వచ్చిందనవచ్చు.

సినిమా, ఆ తర్వాత టీవీ వచ్చి డేరా నాటకానికి జనం తగ్గారు. సమాజాలు ఒక్కొక్కటే మూతపడి ఐదారు మిగిలాయి. చాలా కుటుంబాలు హైదరాబాదు శేరిలింగంపల్లిలోని సురభి కాలనీలో స్థిరపడ్డాయి. 1990లలో కన్నడ దర్శకుడు బి.వి. కారంత్ ఈ నటుల చేత ‘భీష్మ’, ‘చండీప్రియ’, ‘బస్తీ దేవత యాదమ్మ’ ఆడించి పాత బాణీకి కొత్త పాఠం చేర్చారు. వేంకటేశ్వర నాట్యమండలిని నడిపిన రేకందార్ నాగేశ్వరరావు, అందరూ పిలిచే పేరు సురభి బాబ్జీ, 2013లో పద్మశ్రీ అందుకుని 2022లో కన్నుమూశారు.

గోవిందరావు జ్ఞాపకం ఆ ఇంట వేషం వేసే ప్రతివారి పేరులోనూ ఉంది. కమలాబాయికైనా బాబ్జీకైనా ముందు పలికే మాట సురభి. ఆయన ‘కీచకవధ’ ఆడిన ఊరి పేరే వారసులకు ఇంటిపేరయింది.