మిగిలిపోయిన మూడో పని

1908 సెప్టెంబరు 28, సోమవారం. ఆ రోజు తెల్లారేసరికి హైదరాబాదును మూసీ ముంచేసింది. ఏటా ఆ తేదీన ఊరి చరిత్ర మీద మక్కువ ఉన్న కొద్దిమంది ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు కింద చేరతారు. వరదలో పోయినవాళ్లను తలుచుకుంటారు. ఆ పక్కనే మూసీ. గాలి ఇటు తిరిగిందంటే ముక్కుకు కొంగో రుమాలో అడ్డం పెట్టుకోవాల్సిందే.

ఆనాటి వరదకూ ఈనాటి కంపుకూ మందు రాసిచ్చింది ఒక్క మనిషే, అదీ ఒకే ఏడాదిలో. మనం సగం మందే వాడాం. మూసీ కథంతా నాకు అక్కడే ఉందనిపిస్తుంది.

వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టిన ఈ నదిని పురాణం ముచుకుంద మహర్షికి ముడిపెట్టింది. సుమారు 240 కిలోమీటర్లు పారి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. గోల్కొండ సుల్తానులకు ముందు దీని ఒడ్డున ఎవరు ఎలా బతికారో చెప్పే ఆధారాలు తక్కువే. ఇబ్రహీం కుతుబ్ షా కాలానికి వస్తే కథ తేటపడుతుంది. 1562లో హుస్సేన్ సాగర్, 1578లో పురానా పూల్. ప్రేయసి కోసం వరదలో గుర్రాన్ని దూకించిన కొడుకు క్షేమం కోసమే తండ్రి ఆ వంతెన కట్టించాడని జనం చెప్పుకుంటారు. వంతెన పూర్తయ్యేనాటికి ఆ కొడుకు మహమ్మద్ కులీకి పదమూడేళ్లు ఉంటాయేమో. అయినా ఆ కథంటే ఊరికి ప్రేమ, నాకూ ప్రేమే. 1591లో అదే కుర్రాడు పెద్దవాడై నదికి దక్షిణాన హైదరాబాదును కట్టాడు. పదిహేడో శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఆ వంతెనను చూసి, పారిస్‌లోని పాంట్ నఫ్ వంతెనకు అందంలో పెద్దగా తీసిపోదని రాసుకున్నాడు. ఆ తర్వాత మొఘలులు వచ్చారు, ఆసఫ్ జాహీలు వచ్చారు. నది మీద మరికొన్ని వంతెనలు లేచాయి. ఊరు ఉత్తరపు ఒడ్డుకూ పాకింది. మురుగు వీధి మోరీల్లోంచి మూసీలోకే పోయేది. ఊరు చిన్నది, నది పెద్దది. వానాకాలం రాగానే అంతా కడుక్కుపోయేది.

ఇక 1908.

ఆ సెప్టెంబరు చివరి శనివారం, ఆదివారం కురిసిన వాన మామూలుది కాదు. శంషాబాద్‌లో ఒక్క రోజులో 12.8 అంగుళాలు, రెండు రోజుల్లో దాదాపు 19 అంగుళాలు పడింది. అంత వానకు నది పొంగడం సహజం. కానీ ఆ రాత్రి జరిగింది వేరు. మూసీ, దాని తోబుట్టువు ఈసీ పరీవాహకంలో 788 చెరువులుండేవి. అన్నీ గొలుసుకట్టు చెరువులు, పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండే ఏర్పాటు. కరువు కాలంలో ప్రాణం పోసే ఆ ఏర్పాటే ఆ రాత్రి ప్రాణాల మీదికి తెచ్చింది. పై చెరువు కట్ట తెగి, ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కింది చెరువు మీద పడ్డాయి. దాని కట్టా తెగింది. అలా 221 చెరువులు తెగిపోయాయి. వాన నీళ్లకు దాచుకున్న చెరువుల నీళ్లు తోడై ఊరి మీద విరుచుకుపడ్డాయి. సెకనుకు 4 లక్షల 25 వేల ఘనపుటడుగుల నీరు వచ్చి ఉంటుందని తర్వాత లెక్కగట్టారు.

అర్ధరాత్రి దాటాక, ఊరు నిద్రలో ఉండగా నీళ్లొచ్చాయి. కోల్సావాడి మాయమైంది. పేట్లబుర్జు ఎత్తుగా ఉంది కదా అని వందల మంది దాని మీదికి ఎక్కితే, కింద నీళ్లు కోసేసి బురుజే కూలిపోయిందని చెబుతారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి మునిగింది. దాని పక్క తోటలో ఒక చింతచెట్టు ఉంది. నీళ్లు నడుముకొచ్చినప్పుడు ముందుగా ఎవరెక్కారో తెలియదు. ఎక్కినవాళ్లు కిందివాళ్లకు చేతులందించారు. కొమ్మ కొమ్మకూ మనుషులే. కింద సుడులు తిరుగుతూ దూలాలూ పశువులూ మనుషులూ కొట్టుకుపోతుంటే, ఆ కొమ్మల్ని కరుచుకుని సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. చింతచెట్టు కొమ్మ గట్టిదని, సులువుగా విరగదని మన పల్లెల్లో పిల్లలకు కూడా తెలుసు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. ఉస్మానియా ఆసుపత్రికి వెళ్లినవాళ్లు ఒక్క నిమిషం దాని కింద నిలబడి పైకి చూడండి.

ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ ఇంటిల్లిపాదీ వరదలో చిక్కుకుంది. తల్లి, భార్య, చిన్న కూతురు ఆయన కళ్ల ముందే కొట్టుకుపోయారు. ఆయన ఒక్కడే ఒడ్డున పడ్డాడు. తర్వాత ఆ రాత్రి మీద 'ఖయామతె సుగ్రా' రాశాడు. రుబాయీలకు ఉర్దూ లోకమంతా మెచ్చిన కవి ఆయన. బతికినంత కాలం ఆ రాత్రి ఆయన్ని విడిచిపెట్టలేదు.

చనిపోయినవాళ్లు పదిహేను వేల మంది దాకా ఉంటారని అంచనా. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ దివాణాల తలుపులు తెరిపించి, గంజి కేంద్రాలు పెట్టించాడు. నది శాంతించాలని ఒడ్డుకు వెళ్లి పట్టుచీర, పసుపు కుంకుమలు సమర్పించాడని పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ముస్లిం పాలకుడు మూసమ్మకు వాయనమిచ్చాడన్న ఆ మాటను హిందువులూ ముస్లిములూ ఒకే ప్రేమతో చెప్పడం విన్నాను. సరోజినీ నాయుడు సహాయ శిబిరాల్లో పనిచేశారు.

సర్కారు అక్కడితో ఆగలేదు. మళ్లీ ఇలా జరక్కుండా ఏం చేయాలో చెప్పమని మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిచింది. బొంబాయి ప్రభుత్వ కొలువు వదిలి అప్పుడాయన విదేశాల్లో తిరుగుతున్నారు. 1909 ఏప్రిల్‌లో హైదరాబాదు చేరుకున్నారు. నిజాం ప్రభుత్వం ఆయనకు మూడు పనులప్పగించింది. ఒకటి, కూలిన ఊరిని తిరిగి కట్టడానికి సలహా. రెండు, ఇక ముందు వరద రాకుండా ఉపాయం. మూడు, హైదరాబాదుకూ చాదర్‌ఘాట్‌కూ పూర్తి డ్రైనేజీ పథకం.

ఈ మూడో పని దగ్గరే నేనెప్పుడూ ఆగిపోతాను. వేల మంది శవాలను ఎత్తిపోసిన ఊరు వరదతో పాటు మురుగును కూడా అదే కాగితం మీద, అదే ఇంజినీరుకు అప్పగించింది. సరైన డ్రైనేజీ లేని ఊరికి ఆనకట్ట ఒక్కటే చాలదని ఆనాడే గ్రహించారు.

విశ్వేశ్వరయ్య ఊరి అరుగుల మీద కూర్చుని పరిష్కారం రాయలేదు. పరీవాహకమంతా సర్వే చేయించారు. వాన లెక్కలు తెప్పించారు. తెగిన చెరువులన్నీ లెక్కపెట్టించారు. ఊళ్లో నది గట్లు ఎత్తు పెంచినంత మాత్రాన ప్రయోజనం లేదని, నీళ్లను ఊరికి ఎగువనే ఆపాలని తేల్చారు. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి, రెండు జలాశయాలు కట్టమన్నారు. అదే ఏడాది అక్టోబరు 1న నివేదిక ఇచ్చారు. ఏప్రిల్లో వచ్చిన మనిషి అక్టోబరుకల్లా ఊరి భవిష్యత్తును కాగితం మీద పెట్టాడు. ఆ పని వేగం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మొదటి రెండు పనులూ ఘనంగా జరిగాయి. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. గట్లు లేచాయి, వాటి మీద హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. గండిపేట దగ్గర ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఒకటి 3.9 టీఎంసీలు, మరొకటి 2.97 టీఎంసీలు. వరదను ఆపడానికి కట్టినవి తాగునీళ్లు కూడా ఇచ్చాయి. గండిపేట నీళ్లు తాగినవాళ్లు ఈ ఊరు విడిచిపోరన్న మాట అప్పుడే పుట్టింది.

మూడో పనీ మొదలైంది. విశ్వేశ్వరయ్యను మళ్లీ పిలిపించి సలహా తీసుకున్నారు. నది రెండు గట్ల వెంటా పెద్ద మురుగు కాలువలు భూమిలో వేసి, మురుగును మూసీలో పడనివ్వకుండా అంబర్‌పేట వైపు మళ్లించే పద్ధతి అది. 1931 నాటి ఆ వ్యవస్థను 54 చదరపు కిలోమీటర్లకు, 4 లక్షల 68 వేల జనానికి లెక్కగట్టారు. అప్పటికి అది గొప్ప పని. దాన్ని ఊరితో పాటు పెంచుకుంటూ పోయి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

ఇక్కణ్నుంచి కథ ఒక దారిలో నడవదు.

1956లో ఆంధ్రప్రదేశ్ రాజధాని అయ్యాక ఊరు ఏటేటా పెరిగింది. ఊరికి కొత్త నీళ్లు కావాల్సి వచ్చాయి. మంజీరా వచ్చింది, సింగూరు వచ్చింది, 2004లో కృష్ణా, 2015లో గోదావరి వచ్చాయి. నీళ్లు తేవడానికి వందల కిలోమీటర్ల పైపులు వేశాం. వాడిన నీళ్లు పోవడానికి ఎన్ని వేశాం? కొత్త కాలనీల ఇళ్లకు నల్లా వచ్చింది గానీ డ్రైనేజీ లైను రాలేదు. దాంతో మరుగుదొడ్డి పైపును పక్కనున్న వాన నీటి నాలాలోకి తిప్పేశారు. వాన నీళ్లు మోయాల్సిన కూకట్‌పల్లి నాలా, పికెట్ నాలా, బల్కాపూర్ నాలా మురుగు మోయడం మొదలుపెట్టాయి. అవన్నీ హుస్సేన్ సాగర్‌లో పడి, అక్కణ్నుంచి మూసీకి చేరతాయి. పాత గొలుసుకట్టు చెరువులు మిగిలినచోట మురుగు ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు దిగుతోంది. జీడిమెట్ల, కాటేదాన్ లాంటి పారిశ్రామికవాడల రసాయనాలు వీటికి తోడు. పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థ జలాలను పైపులైనులో అంబర్‌పేట శుద్ధి కేంద్రం దాకా తెచ్చారు. 104 దేశాల్లో 258 నదుల్లో మందుల అవశేషాలు కొలిచి 2022లో వెలువరించిన అంతర్జాతీయ అధ్యయనంలో మూసీ 22వ స్థానంలో నిలిచింది.

జలాశయాలు పైన నీళ్లను ఆపేశాయి. వానాకాలంలో గేట్లెత్తిన కొన్ని రోజులు పక్కన పెడితే, లంగర్‌హౌజ్ దిగువన మూసీకి సొంత నీరంటూ లేదు. అయినా మండు వేసవిలో సైతం నది పారుతూనే ఉంటుంది. పారేది మన స్నానాల గదుల నీరు, వంటింటి నీరు, మరుగుదొడ్ల నీరు. 2021 నాటి ప్రభుత్వ లెక్కల ప్రకారం ఔటర్ రింగ్ రోడ్డు లోపల రోజుకు 1,950 మిలియన్ లీటర్ల మురుగు పుడితే, శుద్ధి చేసే సామర్థ్యం 772 మిలియన్ లీటర్లు. అందులో 339 ఒక్క అంబర్‌పేట కేంద్రానిదే. ఆ ఏడాదే 3,866 కోట్లతో మరో 31 మురుగు శుద్ధి కేంద్రాలకు (ఎస్టీపీలకు) ఆమోదం వచ్చింది. మంచి పనే. అయితే ఎస్టీపీ కట్టగానే మురుగు దానంతటది వచ్చి అందులో పడదు. నాలాలో పడే ప్రతి ఇంటి పైపునూ పట్టుకుని ట్రంక్ లైనులో కలపాలి. రిబ్బన్లు కత్తిరించడానికి వీల్లేని పని అది. భూమి కింద ఉంటుంది, ఫొటోకు అందదు.

అంబర్‌పేట దాటి పీర్జాదిగూడ వైపు వెళితే ఒడ్డు పొడుగునా ఏపుగా ఎదిగిన గడ్డి కనిపిస్తుంది. గేదెలకు వేసే పారాగడ్డి. ఆడవాళ్లు మోకాలి లోతు నల్లటి నీళ్లలో దిగి, కొడవలితో కోసి, మోపులు కట్టి ఒడ్డున పేరుస్తారు. నీళ్లలోంచి కాళ్లు తీయగానే చర్మం తెల్లబారి, వేళ్ల సందులు ఒరిసిపోయి ఉంటాయి. ఒకప్పుడు కూరగాయలు పండిన మళ్లలో ఇప్పుడు ఈ గడ్డే మిగిలింది. ఇంకా దిగువకు, వలిగొండ వైపు వెళితే కత్వల దగ్గర నీళ్లు దుమికినచోట మనిషెత్తు నురుగు లేస్తుంది. వరి పచ్చగా ఏపుగా పెరిగి, గింజ పట్టకుండా పడిపోతుందని రైతులు చెబుతారు. బోరు నీళ్లు తాగలేక క్యాన్లు కొనుక్కుంటారు. మన ఊరి మురుగుకు పన్ను కడుతున్నది భువనగిరి, నల్లగొండ పల్లెలు.

అక్కడితోనూ ఆగదు. నాగార్జునసాగర్ నుంచి మనం తెచ్చుకున్న కృష్ణా నీళ్లు మన ఇళ్లలో మురికై, మూసీలో కలిసి, వాడపల్లి దగ్గర సాగర్‌కు దిగువన తిరిగి కృష్ణలో పడతాయి. అక్కణ్నుంచి పులిచింతల, ఆ తర్వాత ప్రకాశం బ్యారేజీ. విజయవాడ తాగే నీళ్లవి.

నదిని బాగుచేస్తామన్న మాట పాలకులెవరూ అనకుండా లేరు. నందనవనం అన్నారు, నది మధ్య రబ్బరు డ్యాం కట్టారు, 2017లో మూసీ రివర్‌ఫ్రంట్ కార్పొరేషన్ పెట్టారు. 2024లో నది గర్భంలోని ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేసి పేదలను ఖాళీ చేయించారు. 2025 సెప్టెంబరులో మల్లన్నసాగర్ నుంచి గోదావరి నీళ్లు తెచ్చి, అందులో రెండున్నర టీఎంసీలు మూసీకి ఇస్తామని గండిపేటలో శంకుస్థాపన చేశారు. అదే నెల 26వ తేదీ రాత్రి ఎగువ గేట్లెత్తితే నది గర్భంలో ఉన్న ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి నీళ్లు వచ్చాయి. మధ్యలో, జంట జలాశయాల ఎగువన నిర్మాణాలను అదుపు చేసిన 1996 నాటి 111 జీవో కిందున్న 84 గ్రామాల మీద 2022లో ఆంక్షలు సడలించారు. జంట జలాశయాల ఎగువన కూడా కాలనీలు లేస్తే, వాటి మురుగు నేరుగా తాగునీళ్లలోకే దిగుతుంది.

ఒడ్డున పార్కులు, విహార బాటలు వేయడం నాకు ఇష్టమే. నదీ తీరంలో సాయంత్రం కూర్చోవాలని ఎవరికుండదు? కానీ వరుస తప్పకూడదు. ముందు నాలాల్లో పడే ఇళ్ల పైపులు, తర్వాత ఎస్టీపీలు, ఆ తర్వాతే ఒడ్డు. గోదావరి నీళ్లు తెచ్చి మురుగులో కలిపితే పలచబడిన మురుగే పారుతుంది.

సెప్టెంబరు 28న చింతచెట్టు కిందకు రాలేనివాళ్లు ఇంట్లోనే ఒక పని చేయండి. మీ ఇంటి డ్రైనేజీ ఏ మ్యాన్‌హోల్‌లో పడుతోందో, అక్కణ్నుంచి ఏ ఎస్టీపీకి వెళుతోందో, లేక నాలాలోకే పోతోందో జలమండలిని అడగండి. నాలాలోకే పోతోందంటే, లైను ఎప్పుడు వేస్తారో రాతపూర్వకంగా అడగండి. మీ కార్పొరేటరు ఓటు కోసం వచ్చినప్పుడూ మొదట ఇదే అడగండి.